ఓడ మంటల నుంచి సముద్రంలో దూకినంక: హన్మకొండలో నడిచిన వైద్యం, నా అనుభవం

ఓడకు నిప్పంటుకుని పొగ పీల్చి, సముద్రంలో దూకి, ఉప్పునీళ్లు మింగి బతికి వచ్చిన మనిషిని పోర్టు దవాఖానలో రెండు మూడు రోజులు ఉంచుకుని పంపిస్తారు. తర్వాత పనంతా సొంతూళ్లోనే. మా దగ్గరి డాక్టర్లకు చెరువులో, కాలువలో మునిగినోళ్లు తెలుసు. పొగ, ఉప్పునీళ్లు రెండూ లోపలికి పోయిన కేసులు అరుదు. అందుకని నా మొదటి చీటీ మీదే ‘పొగ, మునక’ అని రెండూ రాయించాను. రెండింటి దెబ్బలు ఒకే రోజు బయటపడవు.

పోర్టు నుంచి తెచ్చుకోవాల్సిన కాగితాల్లో డిశ్చార్జ్ సమ్మరీ కంటే ముఖ్యమైనది కార్బాక్సీ హిమోగ్లోబిన్ రిపోర్టు, అంటే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు రక్తానికి ఎంత శాతం అంటిందో చెప్పే పరీక్ష. అందులో అంకె ఒక్కటే చాలదు, రక్తం ఎన్ని గంటలకు తీశారు, అప్పటికి ఆక్సిజన్ ఎంతసేపు పెట్టారు అన్నది కూడా ఉండాలి. మామూలు గాలిలో రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. పూర్తి ఆక్సిజన్ మీద గంట, గంటన్నరే. ఆలస్యంగా తీసిన శాంపిల్‌లో 3 శాతం వచ్చినా, పీల్చింది తక్కువే అని కాదు. వేలికి పెట్టే ఆక్సిమీటర్‌కైతే ఈ విషవాయువు అంటిన రక్తానికీ, ఆక్సిజన్ ఉన్న రక్తానికీ తేడా తెలియదు. మొదటి రోజు అది 98 చూపించిందన్న మాటకు విలువ లేదు.

ఊరికి వచ్చినంక మాత్రం అదే ఆక్సిమీటర్ పనికొస్తుంది. అయిదు నిమిషాలు కూర్చుని ఒకసారి, చదును నేల మీద ఆరు నిమిషాలు నడిచి ఒకసారి చూసి రాసుకోవాలి. నడిచినప్పుడు అంకె 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే డాక్టరుకు చెప్పాలి. కూర్చున్నప్పుడే 94 కంటే తక్కువుంటే ఆ రోజే పోవాలి. చేతులు చల్లగా ఉంటే, గోరింటాకు ముదురుగా ఉంటే అంకె తప్పు రావచ్చు.

మునిగిన తర్వాత ఒకటి రెండు రోజులు కొద్దిగా జరం రావడం మామూలే. మూడో రోజు దాటినంక కొత్తగా జరం, చిక్కటి తెమడ, దమ్ము వస్తే అది నిమోనియా కావచ్చు. ముందుజాగ్రత్త పేరుతో యాంటీబయాటిక్ వేయడం వల్ల లాభం లేదు. తెమడ కల్చర్‌కు పంపేటప్పుడు ‘సముద్రపు నీళ్లు’ అని చీటీలో రాయించాలి, ఆ నీళ్ల సూక్ష్మజీవులు వేరే ఉంటాయి. నీళ్లమీద ఆయిల్ తేలుతుంటే అదీ చెప్పాలి. ఆయిల్ ఊపిరితిత్తుల్లోకి పోతే వచ్చే వాపు ఎక్స్‌రేలో వారాల తరబడి కనిపిస్తుంది.

మన దిక్కు అసలు చిక్కు ఇక్కడే. రెండు వారాలు దాటిన దగ్గు, ఎక్స్‌రేలో మచ్చ: వెంటనే టీబీ అనుమానం. నాకూ ఒకచోట ఆ గోలీలు రాసేశారు. అనుమానించడం తప్పు కాదు, తెమడకు సీబీనాట్ (టీబీ క్రిమిని పట్టే జన్యు పరీక్ష) చేయకుండా మొదలుపెట్టడమే తప్పు. పోర్టులో తీసిన మొదటి ఎక్స్‌రేను సెల్‌ఫోన్ ఫొటోగా కాక సీడీగా తెచ్చుకుంటే, మచ్చ తగ్గుతుందో పెరుగుతుందో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఆరు వారాలకు మళ్లీ ఒకటి తీయిస్తే చాలు. వారం వారం అక్కర్లేదు.

స్పైరోమెట్రీకి, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరి బలం కొలిచే పరీక్షకు, తొందరపడొద్దు. మొదటి వారాల్లో గట్టిగా ఊదితే దగ్గే వస్తుంది. నెల, నెలన్నర ఆగి, పరీక్షకు ఆరు గంటల ముందు నుంచి సాల్బుటమాల్ (ఊపిరి గొట్టాలు తెరిచే ఇన్‌హేలర్ మందు) ఆపి వెళ్లాలి. ఊదిన తర్వాత అదే మందు 100 మైక్రోగ్రాములవి నాలుగు పఫ్‌లు ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో ఊదిన గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లు రెండూ పెరిగితే ఊపిరి గొట్టాలు బిగుసుకున్నట్టు. పెదవులు వదులుగా పెట్టినా, మధ్యలో ఆపినా ఆ రిపోర్టు చెత్తబుట్టకే. సరైన ఊదుళ్లు కనీసం మూడు ఉండాలి. ఇదంతా మామూలుగా వచ్చినా ఘాటు తగలగానే దగ్గు ఆగకపోతే, పొగ వల్ల గొట్టాలు చురుకెక్కిన లక్షణం. అలాంటివాళ్లు మిర్చి సీజన్‌లో ఎనుమాముల యార్డు దిక్కు పోకపోవడమే మేలు. వరికొయ్యలు కాల్చే రోజుల్లో కిటికీలు మూసుకోవాలి, దోమల కాయిల్ మానాలి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఇస్తే స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే డబ్బా) పీల్చి, నోరు పుక్కిలించి ఉమ్మేయాలి.

క్యాలెండర్‌లో నలభయ్యో రోజుకు గుర్తు పెట్టుకోమని నేను అందరికీ చెప్తా. కార్బన్ మోనాక్సైడ్ మెదడుకు చేసిన హాని రెండో రోజు నుంచి నలభయ్యో రోజు దాకా ఎప్పుడైనా బయటపడొచ్చు: మతిమరుపు, నడక మందగించడం, మూత్రం ఆపుకోలేకపోవడం, ఊరికే కోపం. ఇవి రోగికి తెలియవు, ఇంట్లోవాళ్లే కనిపెట్టాలి. ఒక్కటి కనిపించినా న్యూరాలజీకి. అప్పటిదాకా బండి నడపకపోతే మంచిది.

ఎత్తు నుంచి దూకినప్పుడు కర్ణభేరి చిల్లుపడొచ్చు. చాలావరకు రెండు మూడు నెలల్లో అదే పూడుతుంది. స్నానానికి వాసెలిన్ రాసిన దూది పెట్టుకోవాలి. అమ్మమ్మ వెచ్చటి నూనె పోస్తానంటే మాత్రం వద్దనాలి. లైఫ్ జాకెట్‌తో దూకినవాళ్లు మెడ నొప్పిని తేలిగ్గా తీసుకోవద్దు.

నెత్తిన చెంబెడు నీళ్లు పోసుకుంటే ఊపిరాగినట్టవడం, అవే కలలు రావడం నెల దాటినా పోకపోతే మానసిక వైద్యుణ్ణి కలవాలి. సర్కారు మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీమానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. నిద్రగోలీలు అడిగి తెచ్చుకోవద్దు.

ఖర్చుల మాట. 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం వైద్యం ఖర్చు ఓడ యజమానిదే. పనిచేయలేని కాలానికి జీతం కూడా ఇవ్వాలి. దానికి గడువు పెట్టుకున్నా 16 వారాలకు తగ్గకూడదు. కాబట్టి ప్రతిసారీ ‘ఫలానా తేదీ దాకా ఓడ పనికి పనికిరాడు’ అని రాయించుకోవాలి. ‘ఇప్పుడు బాగున్నాడు’ అని డాక్టరు మంచితనంతో రాసే ఒక్క ముక్క జీతం ఆపడానికి సాకవుతుంది. మళ్లీ ఎక్కాలంటే డీజీ షిప్పింగ్ (ఓడల మీద కేంద్ర ప్రభుత్వ అధికార సంస్థ) ఆమోదించిన డాక్టరే సర్టిఫికెట్ ఇవ్వాలి. మంటలార్పే డ్రిల్‌లో గాలి సిలిండర్, మాస్కు వేసుకోవాల్సి వస్తుందని అప్పుడాయనకు మనమే గుర్తుచేయాలి. బ్లడ్ గ్యాస్, స్పైరోమెట్రీ కాగితాలు కొన్ని థర్మల్ పేపర్ మీద వస్తాయి, నెలల్లో తెల్లబడిపోతాయి. అదే రోజు జిరాక్స్ తీయించండి.