మా ఇంట్లో గుమ్మడికాయ గొడవ

అల్వాల్‌లో మా ఇంటి వెనక ఉన్న కాస్త జాగాలో ఈ వానాకాలం తియ్య గుమ్మడి పాదు పెట్టాం, ఇప్పుడది కాంపౌండ్ వాల్ ఎక్కి పక్కింటి ఆంటీ వాళ్ళ బట్టల తీగ దాకా పోయింది, ఒక కాయ ఇస్తామన్నాం కాబట్టి ఆంటీ ఏమనట్లేదు.

అసలు పనంతా పొద్దున్నే. పూలు తెల్లారేసరికి విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుపోతాయి, మా ఏరియాలో తేనెటీగలు పెద్దగా కనపడట్లేదు, అందుకే టీ కూడా తాగకుండా వెళ్ళి మగపువ్వు తెంపి రెక్కలు పీకేసి ఆ పుప్పొడి ఆడపువ్వు మధ్యలో రుద్దుతున్నా. ఆడపువ్వుని గుర్తుపట్టడం ఈజీ, కింద గోలీ అంత బుల్లి పిందె ఉంటుంది. మొదట్లో అన్నీ మగపూలే వస్తాయి, కంగారుపడి పాదు పీకేయకండి బాబూ.

పెద్ద కాయ కావాలంటే ఒక్క పిందె ఉంచి మిగతావి తుంచేయాలి, బలమంతా దానికే పోతుంది. అమ్మకి ఇది అస్సలు నచ్చదు, "నిలబడ్డ పిందెని తుంచుతావేంట్రా" అని ఒకటే గొణుగుడు. 2023లో కాలిఫోర్నియాలో ఒకాయన కాయ 1,247 కిలోలు తూగిందంటే "ఏ గుండిగలో వండుతారు దాన్ని" అంది. అవి పోటీలకి పెంచే అట్లాంటిక్ జెయింట్ రకం అమ్మా, మనది నాటు విత్తనం.

కాయ కింద కుళ్ళకుండా ఎండుగడ్డి, పైన పండు ఈగ కుట్టకుండా పాత కాటన్ చీర ముక్క. ఆ గుడ్డ మాటిమాటికీ బిగుసుకుపోతోంది, ముడి వదులు చేయడమే పనైపోయింది. దసరాకి కోసి దప్పళం పెడతానంటుంది అమ్మ, ఇంకొన్నాళ్ళు పెరగనిద్దాం అంటా నేను, నాన్న మాత్రం ఏ పార్టీ అన్నది చెప్పట్లేదు.