తెమడ ఉమ్మలేని పిల్లలకు మలంతో టీబీ పరీక్ష: డబ్బా నుంచి కార్ట్రిడ్జ్ దాకా

రెండేళ్ల బిడ్డను తెమడ తీసి డబ్బాలో ఉమ్మమంటే ఉమ్మలేదు. దగ్గుతో పైకి వచ్చిందంతా మింగేస్తుంది. పైగా పిల్లల్లో టీబీ క్రిములు పెద్దవాళ్లలో ఉన్నన్ని ఉండవు. దొరికిన కాస్త తెమడను మైక్రోస్కోపు కింద చూసినా చాలాసార్లు ఏమీ కనిపించదు. అందుకే ఇన్నాళ్లూ పిల్లలకు కడుపులోకి ట్యూబు వేసి నీరు తీయడమే దారిగా ఉంది. రాత్రంతా పరగడుపున ఉంచాలి, తెల్లవారి బిడ్డ లేవగానే ముక్కులోంచి ట్యూబు దించాలి, వీలైతే మర్నాడు మళ్లీ చేయాలి. బస్తీ దవాఖానాకు దగ్గుతో వచ్చిన బిడ్డను ఇందుకోసం నీలోఫర్ లాంటి పెద్దాసుపత్రిలో చేర్చాలంటే తల్లికి రెండు రోజుల కూలి పోతుంది, ఇంట్లో ఇంకో బిడ్డను చూసే దిక్కుండదు. చాలామంది అక్కడే ఆగిపోతారు.

మింగిన తెమడ మాత్రం వృథా కాదు. టీబీ క్రిమి గోడకు మైనం లాంటి మందపాటి పొర ఉంటుంది, కడుపులోని ఆమ్లానికి అది తొందరగా లొంగదు. క్రిమి గానీ, కనీసం దాని డీఎన్ఏ గానీ పేగుల్లోంచి మలంలోకి చేరుతుంది. మన దగ్గర సీబీనాట్ అని పిలిచే జీన్ఎక్స్‌పర్ట్ యంత్రం దాన్ని పట్టుకోగలదు. పదేళ్లలోపు పిల్లలకు ఎక్స్‌పర్ట్ అల్ట్రా అనే, ఈ యంత్రంలో చేసే మరింత సున్నితమైన రకం పరీక్షను మలంతో కూడా చేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాల్లో చెప్పింది. 2024లో ఇంకో అడుగు ముందుకేసి, తెమడ లాంటి శ్వాసకోశ శాంపిల్, మలం రెండూ ఒకేసారి పరీక్షించడం మేలని చెప్పింది. కుదిరినచోట రెండూ పంపాలి. కుదరనిచోట మలం ఒక్కటైనా పంపాలి, ఏమీ పంపకుండా మాత్రం ఉండకూడదు.

శాంపిల్ తేవడం తేలికే, అయినా సగం తప్పులు ఇంటి దగ్గరే జరుగుతాయి. పరగడుపు అక్కర్లేదు, ఏ పూటదైనా పనికొస్తుంది. వెడల్పు మూతి, మర మూత ఉన్న పొడి డబ్బా కావాలి. కడిగిన తడి డబ్బా వద్దు. నీళ్లు, మూత్రం కలవకూడదు కాబట్టి కమోడ్‌లోంచి తీసింది పనికిరాదు. పాత పేపరు మీదో, శుభ్రమైన ప్లాస్టిక్ కవరు మీదో కూర్చోబెట్టి తీసుకోవాలి. డైపర్ వేసే పిల్లలైతే లోపల పలుచని ప్లాస్టిక్ కవరు పరిచి వేయాలి. లేదంటే తడినంతా డైపర్ పీల్చేసుకుంటుంది, గీకి తీసినదాంట్లో దూది, జెల్ కలిసి వస్తాయి. ఒక చెంచాడు తీసుకుంటే ల్యాబులో రెండోసారి చేయడానికి కూడా మిగులుతుంది. పేరు మూత మీద కాదు, డబ్బా మీద రాయాలి; మూతలు తారుమారవుతాయి. అదే రోజు ల్యాబుకు చేరాలి. చేరకపోతే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి. మే నెల ఎండలో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి దాకా బైక్ డిక్కీలో పెట్టి తీసుకెళ్లడం కంటే చిన్న ఐస్ బాక్స్ చాలా నయం. ఫార్మలిన్ వేయకూడదు.

ఇక ల్యాబు పని. చాలా పద్ధతులున్నా, సెంట్రిఫ్యూజ్ (శాంపిల్‌ను గిరగిరా తిప్పి వేరుచేసే యంత్రం) అక్కర్లేకుండా అయిపోయేది ఎస్ఓఎస్, అంటే సింపుల్ వన్ స్టెప్ పద్ధతి. తెమడకు వాడే 8 మిల్లీలీటర్ల రీఏజెంట్ (శాంపిల్‌ను పలుచన చేసి క్రిముల్ని చంపే ద్రవం) సీసానే ఇక్కడా వాడతారు. తేడా ఏమిటంటే, తెమడకైతే శాంపిల్‌కు రెండింతలు రీఏజెంట్ కొలిచి పోస్తాం. ఇక్కడ మలాన్నే నేరుగా సీసాలోకి వేస్తాం. ఒక బిడ్డకు ఒక సీసా మొత్తం పోతుంది. అది గుర్తుంచుకుని స్టాకు లెక్క వేసుకోవాలి.

గట్టిగా ఉన్న మలమైతే 0.8 గ్రాములు, చెక్క పుల్లతో తీసి సీసాలో వేయాలి. కంటికి అది పెద్ద పల్లీ గింజంత ఉంటుంది. త్రాసు ఉంటే మొదట్లో కొన్నిసార్లు తూచి చూసుకుంటే చేతికి అలవాటవుతుంది. నీళ్లలా ఉంటే పిప్పెట్‌తో 2 మిల్లీలీటర్లు. మూత గట్టిగా బిగించి 30 సెకన్లు బాగా ఊపాలి, 10 నిమిషాలు కదపకుండా ఉంచాలి. మళ్లీ 30 సెకన్లు ఊపి, మళ్లీ 10 నిమిషాలు ఉంచాలి. అప్పటికి పిప్పి అడుక్కి దిగి పైన తేట నిలుస్తుంది. సీసాను వంచకుండా, పిప్పెట్ కొనను పైన తేలే నలుసులకు కింద, అడుగు మడ్డికి పైన ఉంచి, 2 మిల్లీలీటర్ల గీత దాకా నెమ్మదిగా లాగాలి. బుడగలు రాకుండా, యంత్రంలో పెట్టే చిన్న ప్లాస్టిక్ డబ్బీ అయిన కార్ట్రిడ్జ్‌లో వదలాలి. మిగతాది యంత్రం చూసుకుంటుంది, అల్ట్రాకు దాదాపు గంటన్నర లోపు ఫలితం వస్తుంది. రీఏజెంట్‌లో సోడియం హైడ్రాక్సైడ్, ఐసోప్రొపనాల్ ఉంటాయి కాబట్టి గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి, దగ్గర్లో మంట ఉండకూడదు.

పరీక్ష పాడయ్యేది ఎక్కువగా మలం పరిమాణం దగ్గరే. ఎంత ఎక్కువ వేస్తే అంత బాగా దొరుకుతుందన్న ఆలోచన ఇక్కడ పనిచేయదు. ద్రవం చిక్కబడితే నలుసులు కార్ట్రిడ్జ్ లోపలి దారుల్ని అడ్డుకుంటాయి, ఒత్తిడి పెరిగి యంత్రం 2008 నంబరు ఎర్రర్ చూపి ఆగిపోతుంది. ఇన్‌వ్యాలిడ్ అని వస్తే కథ వేరు. మలంలోని పదార్థాలు పీసీఆర్‌ను (డీఎన్ఏను ఎన్నో రెట్లు పెంచే చర్యను) అడ్డుకోవడం వల్ల కార్ట్రిడ్జ్ లోపలి కంట్రోల్ (పరీక్ష సరిగా నడిచిందో లేదో చెప్పే గుర్తు) కూడా పలకలేదని అర్థం. రెండింటిలో ఏదీ నెగటివ్ కాదు. రిపోర్టులో నెగటివ్ అని రాయడం పెద్ద తప్పు. మిగిలిన మలంలోంచి ఈసారి కాస్త తక్కువ తీసుకుని, కొత్త సీసాతో, పూర్తి సమయం తేట పట్టనిచ్చి మళ్లీ చేయాలి. పని ఒత్తిడిలో రెండో 10 నిమిషాలు ఎగ్గొట్టడం కూడా ఎర్రర్లకు మామూలు కారణమే. ఇదంతా జీన్ఎక్స్‌పర్ట్ పద్ధతి. టీబీ డీఎన్ఏనే వెతికే మరో యంత్రమైన ట్రూనాట్‌కు ఇవే కొలతలు వాడకూడదు.

అల్ట్రాలో "ట్రేస్" అని వస్తే డాక్టర్లు కూడా ఒక్కోసారి తటపటాయిస్తారు. డీఎన్ఏ అతి కొద్దిగా దొరికిందని దాని అర్థం. పిల్లల్లో క్రిములు ఉండేదే తక్కువ, కాబట్టి లక్షణాలున్న బిడ్డకు ట్రేస్‌ను పాజిటివ్‌గానే తీసుకుని చికిత్స మొదలుపెట్టాలి. అయితే టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో ట్రేస్‌లో తేలదు. ఇంట్లో మందులకు లొంగని టీబీ ఉన్నవాళ్లుంటే ఇంకో శాంపిల్ తప్పక పంపాలి.

పాజిటివ్ వస్తే దాదాపు నమ్మేయవచ్చు, ఈ పరీక్ష తప్పుగా పాజిటివ్ చూపేది చాలా అరుదు. నెగటివ్‌ను మాత్రం అంతగా నమ్మకూడదు. ఇతర శాంపిళ్లలో టీబీ రుజువైన పిల్లల్లో కూడా మలం పరీక్ష పట్టుకునేది సుమారు 60 శాతం మందినే. రిపోర్టు చూసి "టీబీ లేదు, ఇంటికి వెళ్లండి" అని పంపేస్తే ఈ పరీక్ష మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. రెండు వారాలకు మించిన దగ్గు, జ్వరం, పెరగని బరువు, ఇంట్లో టీబీ మందులు వాడుతున్న తాతో మేనమామో ఉంటే, నెగటివ్ వచ్చినా ఛాతీ ఎక్స్‌రే ముందు నుంచి, పక్క నుంచి రెండూ తీయించి డాక్టరు నిర్ణయించాలి. అంగన్‌వాడీలో రాసిన బరువుల కార్డు కూడా తెమ్మనండి, అందులో చాలా తెలుస్తుంది. ఇంకొక మాట: మెడికల్ షాపులో అడిగి లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ మందు ఇప్పించకండి. అది టీబీ క్రిమిని కొంత అణచి, లక్షణాలను కప్పేస్తుంది. శాంపిల్ పంపే ముందైతే మరీ వద్దు.

చికిత్స మొదలయ్యాక తగ్గిందో లేదో చూడటానికి ఈ పరీక్ష మళ్లీ చేయించకూడదు. చనిపోయిన క్రిముల డీఎన్ఏ కూడా కొంతకాలం పాజిటివ్ చూపిస్తుంది. అప్పుడు చూడాల్సింది దగ్గు, జ్వరం, ఆకలి, నెలనెలా బరువు. పిల్లల మందు మోతాదు బరువును బట్టే ఉంటుంది కాబట్టి, బరువు పెరిగిన ప్రతిసారీ మోతాదు సరిచూడమని డాక్టరును అడగండి.