జాంగో ప్రాజెక్టుకు సీఎంఎస్‌ను ఎంచుకునేటప్పుడు

పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో అనే ఫ్రేమ్‌వర్క్ (ముందే సిద్ధం చేసిన కోడ్ చట్రం) పుట్టింది ఒక వార్తాపత్రిక కార్యాలయంలో. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో లారెన్స్ జర్నల్-వరల్డ్ దినపత్రిక వెబ్ విభాగంలో పనిచేస్తున్న ఏడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ 2003లో దానికి శ్రీకారం చుట్టారు. 2005 జూలైలో అది అందరికీ అందుబాటులోకి వచ్చింది. పత్రిక అవసరాల కోసం పుట్టిన ఫ్రేమ్‌వర్క్ కదా, వ్యాసాలు రాసి ప్రచురించే ఏర్పాటు అందులోనే ఉంటుందని కొత్తగా వచ్చినవారు అనుకుంటారు. ఉన్నది అడ్మిన్ అనే నిర్వహణ తెర ఒక్కటే, దానితోపాటు ఎవరూ పెద్దగా పట్టించుకోని ఫ్లాట్‌పేజెస్ అనే చిన్న యాప్. అడ్మిన్ డేటాబేస్‌లోని వరుసలను దిద్దడానికి చక్కగా పనికొస్తుంది కానీ, పేజీల అమరిక, చిత్తుప్రతి, ప్రచురణకు ముందు పరిశీలన వంటివి దానికి తెలియవు. ఆ లోటును తీర్చడానికే బయటి సీఎంఎస్‌లు (కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లు, అంటే పేజీలు రాసి, దిద్ది, ప్రచురించే ఏర్పాట్లు) వచ్చాయి.

ఇటీవల ఒక చిన్న వ్యవసాయ మాసపత్రిక వెబ్‌సైట్ కోసం ఈ ఎంపిక చేయవలసి వచ్చింది. అక్కడ వ్యాసాలున్నాయి, పంటల తెగుళ్ల మీద సమాచార పేజీలున్నాయి, మార్కెట్ యార్డుల ధరలున్నాయి. వ్యాసాలు మాత్రమే ఉండి ఉంటే వర్డ్‌ప్రెస్ చాలునని నేనే చెప్పేవాణ్ణి. ధరల పట్టికలు, వాటి మీద లెక్కలు, రైతులు జిల్లాను, పంటను ఎంచుకుని వెతుక్కునే సౌకర్యం కావాలన్నారు కనుక జాంగో ఖాయమైంది. దాని మీద ఏ సీఎంఎస్ అన్నదే మిగిలిన ప్రశ్న.

ఇలాంటి చోట సాధారణంగా సౌకర్యాల పట్టికలు ముందు పెట్టుకుని ఒక్కొక్కదానికి టిక్కులు కొడుతూ పోతారు. నా దృష్టిలో అడగవలసిన మొదటి ప్రశ్న వేరు: పేజీ రూపురేఖలను నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉండాలి, ప్రోగ్రామర్ చేతిలోనా, ఎడిటర్ చేతిలోనా? జాంగో సీఎంఎస్, వాగ్‌టెయిల్ అనే రెండు ప్రధాన ప్రాజెక్టులు ఈ ప్రశ్నకు వేర్వేరు సమాధానాలిస్తాయి, మిగతా తేడాల్లో చాలా భాగం అక్కడి నుంచే వస్తాయి.

జాంగో సీఎంఎస్‌లో టెంప్లేట్‌లో, అంటే పేజీ మూసలో, కొన్ని ఖాళీ స్థానాలను వదిలిపెడతాం; వాటిలో ఏ ప్లగిన్ (టెక్స్ట్, పట్టిక వంటి విడి భాగం) వేయాలో, ఏ వరుసలో వేయాలో ఎడిటర్ పేజీని కళ్లముందు చూస్తూనే నిర్ణయించుకుంటారు. ప్రచార పేజీలు, కార్యక్రమాల పేజీలు తరచుగా మార్చే సంస్థలకు ఇది సుఖంగా ఉంటుంది. అయితే సొంత ఫీల్డులున్న ప్రతి ప్లగిన్ రకానికీ డేటాబేస్‌లో ఒక టేబుల్ ఉంటుంది కనుక, ఒక పేజీలోని విషయమంతా అనేక టేబుళ్లలో చెల్లాచెదురుగా పడి ఉంటుంది. వరి తెగుళ్ల పేజీలన్నిటి నుంచి లక్షణాల భాగాన్ని మాత్రమే తీసి మొబైల్ యాప్‌కు ఇమ్మంటే, లక్షణాలంటే ఏ ప్లగినో ముందు వెతుక్కోవాలి, ఎందుకంటే ఒక ఎడిటర్ వాటిని మామూలు టెక్స్ట్ ప్లగిన్‌లో రాసి ఉంటారు, మరొకరు పట్టికలో పెట్టి ఉంటారు.

వాగ్‌టెయిల్‌ను టార్చ్‌బాక్స్ అనే బ్రిటిష్ సంస్థ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ వెబ్‌సైట్ కోసం తయారుచేసి, 2014లో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. ఇందులో ప్రతి పేజీ రకమూ ఒక పైథాన్ క్లాస్, అంటే కోడ్‌లో రాసిన ఒక నమూనా. తెగులు పేజీ అంటే పంట పేరు, లక్షణాలు, నివారణ, ఫొటోలు అని మనం కోడ్‌లోనే ఫీల్డులుగా రాసి పెడతాం. ఎడిటర్ వాటిని నింపుతారు, అంతే. ఈ కట్టుదిట్టం మరీ బిగుతుగా ఉండకుండా స్ట్రీమ్‌ఫీల్డ్ ఉంది: పేరా, ఫొటో, పట్టిక, హెచ్చరిక వంటి బ్లాకులను మనం నిర్వచించి ఇస్తే, వాటిని ఏ వరుసలోనైనా పేర్చుకునే స్వేచ్ఛ ఎడిటర్‌కు ఉంటుంది. ఆ పేర్పు మొత్తం డేటాబేస్‌లో ఒకే కాలమ్‌లో జేసన్ అనే టెక్స్ట్ రూపంలో నిలవ ఉంటుంది. బయటికి తీయడం తేలికే కానీ, దానికీ ఒక మూల్యం ఉంది. ఒక బ్లాకు రకాన్ని కోడ్‌లోంచి తీసేస్తే, పాత పేజీల్లో దాని కింద రాసినది తెరమీద కనబడకుండా పోతుంది. డేటా మైగ్రేషన్ (పాత సమాచారాన్ని కొత్త అమరికలోకి మార్చే కోడ్) రాయకుండా బ్లాకుల జోలికి వెళ్లకూడదు. మా పత్రికకు వాగ్‌టెయిల్‌నే ఎంచుకున్నాం కానీ, అందుకే తెగుళ్ల పేజీలకు స్ట్రీమ్‌ఫీల్డ్ అసలు వాడలేదు, వ్యాసాలకు మాత్రమే వాడాము.

మార్కెట్ ధరలను ఏ సీఎంఎస్ పేజీలోనూ పెట్టలేదు. రోజూ వచ్చే వరుసలకు పేజీ ఎందుకు? అవి మామూలు జాంగో మోడళ్లు, అంటే డేటాబేస్ టేబుళ్లకు కోడ్‌లో రాసే వర్ణనలు. వాగ్‌టెయిల్‌లో స్నిపెట్లుగా (పేజీ కాని విడి సమాచారంగా) నమోదు చేస్తే ఎడిటర్లకు అదే తెరలో కనబడతాయి.

తెలుగు సైట్లు కట్టేవారు తప్పనిసరిగా తెలుసుకోవలసినది స్లగ్ సంగతి. పేజీ పేరు నుంచి వెబ్ చిరునామాలోని చివరి భాగాన్ని, అంటే స్లగ్‌ను, తయారుచేసే స్లగిఫై అనే ఫంక్షన్ జాంగోలో ఉంది. యూనికోడ్‌ను అనుమతించకపోతే తెలుగు అక్షరాలన్నీ ఎగిరిపోయి ఖాళీ మిగులుతుంది. అనుమతిస్తే వచ్చేది ఇంకా వింతగా ఉంటుంది: ‘వరి అగ్గితెగులు’ అన్న పేరు ‘వర-అగగతగల’ అవుతుంది. పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో (అక్షరాల నమూనాలను వెతికే సూత్రాల్లో) పదాక్షరమంటే అక్షరమో అంకెనో అడుగుగీతో మాత్రమే. మన గుణింతపు గుర్తులు, పొల్లు యూనికోడ్ లెక్కలో వేరే వర్గానికి చెందినవి కనుక స్లగిఫై వాటిని తుడిచేస్తుంది. స్లగ్‌ను సరిచూసే నియమమూ దాని మీదే ఆధారపడింది కాబట్టి, చేత్తో సరిగ్గా టైపు చేసినా తప్పని తిరస్కరిస్తుంది. వాగ్‌టెయిల్ కూడా జాంగో ఫంక్షన్‌నే వాడుకుంటుంది, ఆ బాధ సీఎంఎస్ మార్చినంత మాత్రాన పోదు. నేను పేరును రోమన్ అక్షరాల్లోకి మార్చే చిన్న ఫంక్షన్‌ను పేజీ మోడల్‌లోనే పెట్టాను. దానివల్ల మరో లాభం కూడా ఉంది: అక్షరాలను కంప్యూటర్ నిలవ చేసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లు, చిరునామాలో అది తొమ్మిది గుర్తులుగా మారుతుంది, అంటే ‘వరి’ అన్న మాటొక్కటే వాట్సాప్‌లో పంపిన లింకులో 27 గుర్తులు తినేస్తుంది.

వెతుకులాట విషయంలోనూ తెలుగుకు ఎదురుగాలే. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో హిందీకి, తమిళానికి విభక్తులను తొలగించి వెతికే అమరికలున్నాయి కానీ తెలుగుకు లేదు. ‘రైతు’ అని వెతికితే ‘రైతులకు’ అన్న మాట దొరకదు. పదం మొదటి భాగంతో వెతికే పద్ధతి కొంత ఆదుకుంటుంది, అంతకుమించి ఆశించవద్దు.

రెండు భాషల్లో సైట్ కావాలనుకునేవారికి ఒక మాట. వాగ్‌టెయిల్‌లో 2020 నుంచి ఒక్కో భాషకు ఒక్కో పేజీల చెట్టు ఉంటుంది. ఇంగ్లిష్‌లో లేని వ్యాసం తెలుగులో ఉండటం దానికి సహజం. జాంగో సీఎంఎస్‌లో ఒకే పేజీకి అనేక భాషల రూపాలు వేలాడుతుంటాయి. రెండు భాషల్లో ఒకటే విషయం ఉండే ప్రభుత్వ తరహా సైట్లకు అది నప్పుతుంది.

చివరగా వెర్షన్లు. జాంగో సుమారు ఎనిమిది నెలలకొక వెర్షన్ విడుదల చేస్తుంది. దీర్ఘకాలిక మద్దతు ఉన్నవాటికి మూడేళ్ల గడువు. సీఎంఎస్ ఆ వేగాన్ని అందుకోలేకపోతే దానితోపాటు మనమూ పాత జాంగోలో ఇరుక్కుపోతాం. ఒకప్పుడు ఎంతో ఆదరణ పొందిన మెజ్జనైన్ అనే మరో జాంగో ఆధారిత సీఎంఎస్‌ను నేను పరిశీలనకే తీసుకోకపోవడానికి కారణం దాని అభివృద్ధి బాగా మందగించడమే. వాగ్‌టెయిల్ మూడు నెలలకొకసారి వస్తుంది, ప్రతిసారీ ఏం మారిందో వివరంగా రాస్తారు. ఆ నోట్సు చదవడానికి జీతం తీసుకునే మనిషి ఒకరు పత్రికలో ఉంటారా అని యజమానిని ముందే అడిగి, ఔనన్నాకే పని మొదలుపెట్టాను.