పదిహేను వేలకు గేదె రాదు

మాది నెల్లూరు జిల్లా, కావలి వైపు ఒక పల్లె. దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత మా జిల్లాలో ఊరూరా పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. సారాకు పోయే డబ్బులో రోజుకు ఒక్క రూపాయి దాచుకోవడం అప్పటి లెక్క. మా అత్తయ్య ఆ తరం మనిషి. మేము పది మందిమి కొత్తగా సంఘం పెట్టుకుంటామంటే ఒకే మాట అన్నారు: "డబ్బు గురించి తర్వాత చూడండి, ముందు పుస్తకం సరిగ్గా రాయండి."

ఇంటర్ చదివానని నన్ను రెండో లీడరును చేశారు. అంటే పుస్తకం నా నెత్తిన పడింది. మనిషికి నెలకు రెండు వందలు. సమావేశాలు, పొదుపు, లోపల ఇచ్చుకునే అప్పులు, తిరిగి కట్టడం, లెక్కలు: ఈ ఐదింటినీ పంచసూత్రాలంటారు. సంఘానికి అప్పు ఇచ్చే ముందు బ్యాంకు వాళ్లు చూసేదీ ఇవే. ఎనిమిది నెలలకు పదహారు వేలు పోగైంది, పైన కాస్త వడ్డీ. దానికి ఆరు రెట్లు లేదా లక్షా యాభై వేలు, ఏది ఎక్కువైతే అది మొదటి విడత అప్పుగా ఇవ్వాలి. మాకు రెండో లెక్కే లాభం.

బ్యాంకు చుట్టూ తిరగడం అందరికీ తెలిసిన కథే: తీర్మానం నకలు, ఫొటోలు, ఆధార్, మొదటి లీడరు సంతకం ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా. మూడోసారి వెళ్తే, పొదుపు పదహారు వేలను అప్పు తీరేవరకు కదిలించకూడదన్నారు. మొదట తల ఊపి వచ్చేశాం. సంఘాలకు పది లక్షల వరకు ఇచ్చే అప్పుకు పొదుపు ఖాతాను పట్టి ఉంచకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉందని మా సీసీ, అంటే ఊళ్లలో సంఘాలను చూసుకునే ఉద్యోగి, చెప్పాకే మాకు ధైర్యం వచ్చింది. ఆమెను వెంటబెట్టుకుని వెళ్లి అడిగితే, రెండు నిమిషాల్లో ఆ మాట వెనక్కి తీసుకున్నారు. అడగని సంఘాల సంగతి ఏమిటో మరి.

అసలు గొడవ డబ్బు ఖాతాలో పడ్డాక మొదలైంది.

రుణ ప్రణాళికలో ఎవరికి ఏం కావాలో నేనే రాశాను. వెనకింటి అక్కకు గేదె, బస్టాండు దగ్గరి వదినకు టిఫిను బండి, మిగిలిన వాళ్లకు తలా ఒకటి. తీరా సమావేశంలో "తలా పదిహేను వేలు పంచేద్దాం, పేచీ ఉండదు" అన్నారు. చాలా ఊళ్లలో జరిగేది అదే. కానీ పదిహేను వేలకు గేదె రాదు, పలుపూ కుడితి తొట్టీ వస్తాయి. ఆ డబ్బు పండక్కో, పాత బాకీకో కరిగిపోతుంది, కిస్తీ మాత్రం రెండేళ్లు మిగులుతుంది. ఆ మాటే అన్నాను.

"నీకు చదువొచ్చు కాబట్టి ముందు నువ్వే తీసుకుంటావు" అని ఒకామె అనేసింది. నాకు కోపం వచ్చింది, కానీ ఆమె అనుమానంలో తప్పేమీ లేదు. లీడర్లు ముందు తినేసిన సంఘాలను అందరం చూశాం. అందుకే నేను, మొదటి లీడరు ఈ విడత తీసుకోబోమని ముందే రాసి సంతకాలు పెట్టాం. మా వరుసలో ఇంకొకామె కూడా ఆగింది. అప్పుడు లెక్క కుదిరింది: గేదెకు అరవై వేలు, బండికి నలభై, మిగిలిన ఐదుగురికి తలా పది వేలు. అరవై వేలకు తొలిచూలు గేదె దొరికింది. అంతకంటే మంచిది కావాలంటే ఎనభై అన్నారు.

కిస్తీ నెలకు దాదాపు ఏడు వేలు. వదిన బండి రెండో నెల నుంచే నిలదొక్కుకుంది. గేదె మాత్రం ఎండాకాలంలో వట్టిపోయింది. పాల బిల్లు లేదు, కిస్తీ తేదీ మాత్రం ఆగదు. అక్క సమావేశానికి రాకుండా ఇంట్లో కూర్చుంది. బయట అప్పు తేవాలంటే నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. మొదటి లీడరు వెళ్లి ఆమెను పిలుచుకొచ్చింది. సంఘం డబ్బులోంచి రూపాయి వడ్డీకి రెండు వేలిచ్చి ఆ నెల గట్టెక్కించాం.

ఇచ్చినవి బ్యాంకు పట్టి ఉంచుతానన్న ఆ పదహారు వేలలోంచే. పుస్తకంలో అంతర్గత అప్పు అని రాసి అక్క చేత సంతకం పెట్టించాను. గేదె ఇప్పుడు చూడుతో ఉంది.