బిడ్డ లేకుండానే పాలు పడ్డాయి

2024 జూన్‌లో ఒక రాత్రి స్నానం చేసి ఒళ్లు తుడుచుకుంటుంటే ఎడమ రొమ్ము నుంచి తెల్లటి చుక్క ఒకటి జారింది. సబ్బు నురగేమో అనుకున్నాను. తుడిచి మెల్లగా నొక్కి చూస్తే ఇంకో చుక్క వచ్చింది. పాలే. అప్పటికి మా పెళ్లయి మూడున్నరేళ్లు. నెలసరి వచ్చి నాలుగు నెలలు దాటింది. ఆశ కొద్దీ రెండుసార్లు కిట్ తెచ్చి చూసుకున్నాను, రెండుసార్లూ ఒకటే గీత. కడుపులో బిడ్డ లేదు, రొమ్ములో పాలున్నాయి. ఎవరికి చెప్పాలో తెలియలేదు. మర్నాటి నుంచి స్కూలుకి ముదురు రంగు డ్రెస్సులే వేసుకోవడం మొదలుపెట్టాను, మరక పడినా కనపడదని.

మాది ఖమ్మం. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయనకు ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. పెళ్లికి ముందు నుంచే నా నెలసరి 40, 45 రోజులకోసారి వచ్చేది. దాన్నెప్పుడూ జబ్బనుకోలేదు. పెళ్లయి ఏడాదిన్నర దాటాక, ఏ పేరంటానికి వెళ్లినా "విశేషమేమైనా ఉందా?" అనే ప్రశ్నకు నవ్వీ నవ్వీ దవడలు నొప్పి పుట్టాక, 2022 ఆగస్టులో డాక్టర్ దగ్గరికి వెళ్లాం. స్కానింగ్‌లో రెండు అండాశయాల్లోనూ అంచు వెంట చిన్న చిన్న బుడగలు కనిపించాయి. పీసీఓడీ అన్నారు. మన వైపు అందరూ నీటి బుడగలు అంటారు గానీ అవి నిజానికి పెరగకుండా ఆగిపోయిన అండాల సంచులట. ఆ సంగతి నాకు చాలా తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం సూది పెట్టి పగలగొడితే పోతాయేమో అనుకున్నాను.

ఆ రోజే రక్తపరీక్షలన్నీ చేశారు. థైరాయిడ్ బాగానే ఉంది. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ 14 వచ్చింది. గర్భం లేని ఆడవాళ్లకు సుమారు 25 లోపు ఉంటే చాలు. అంటే ఆ వైపు నాకు ఏ ఇబ్బందీ లేదు. ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టేశాం. తర్వాత రెండేళ్లు ఎవరూ, నేను కూడా, దాన్ని మళ్లీ తీసి చూడలేదు.

మెట్‌ఫార్మిన్ 500 పూటకొకటి చొప్పున రోజుకు రెండు రాశారు. షుగర్ లేకపోయినా పీసీఓడీకి ఇస్తారు, ఇన్సులిన్ బాగా పనిచేయడానికి. పనిచేస్తుందో లేదో గానీ నా కడుపును మాత్రం డప్పు చేసింది. ఎనిమిదో తరగతి పిల్లల ముందు బోర్డు మీద త్రిభుజం గీస్తూ తేన్పు ఆపుకోవడం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుసు. నా అవస్థ చూసి అత్తయ్య తన మందుల డబ్బా తెచ్చింది. "ఇది వేసుకో, పొద్దున్నే పరగడుపున. నాకు దీంతోనే తగ్గింది." గ్యాస్ బిళ్ళ. నిజంగానే తగ్గింది. వారం తిరిగేసరికి కడుపు తేలికైంది.

ఆ తర్వాత స్ట్రిప్పులు నేనే కొనుక్కున్నాను. సందు చివర మెడికల్ షాపులో ఖాళీ స్ట్రిప్ చూపించి "అన్నా, ఇది ఒకటి" అంటే ఇచ్చేవాడు. చీటీ అడగలేదు. 2023 సంక్రాంతికల్లా పళ్లు తోముకోవడం ఎంత అలవాటో అదీ అంతే అయిపోయింది. "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని డాక్టర్లు అడిగారు, అడగలేదని అనను. లేదనే చెప్పాను. అబద్ధం చెబుతున్నాననే ఊహ కూడా లేదు. గ్యాస్ బిళ్ళను మందుల్లో లెక్కేసేదెవరు?

ఆ ఏడాది మధ్య నుంచి నెలసరి ఇంకా వెనక్కి జరిగింది. 45 రోజులు 60 అయ్యాయి, 60 కాస్తా 80 అయ్యాయి. పీసీఓడీ ముదిరిందన్నారు. మెట్‌ఫార్మిన్ మూడు చేశారు. గ్యాస్ పెరిగింది. గ్యాస్ బిళ్ళ మానే ప్రశ్నే లేదు. ఈ గుండ్రం ఇప్పుడు రాస్తుంటే ఎంత స్పష్టంగా కనిపిస్తోందో! అప్పుడు దాని లోపల తిరుగుతున్నాను కాబట్టి కనపడలేదు.

తర్వాత లెట్రోజోల్, అండం పెరగడానికి ఇచ్చే మాత్ర. డేట్ రావడానికి ఒక మాత్ర, వచ్చాక ఐదు రోజులు ఈ మాత్ర, తొమ్మిదో రోజు నుంచి రోజు విడిచి రోజు ఫాలిక్యులర్ స్కాన్. అండం సంచి 18, 20 మిల్లీమీటర్లకు పెరిగితే పగలడానికి ఇంజెక్షన్ ఇస్తారు. నాది తొమ్మిదో రోజు 9, పదకొండో రోజు 10, పదమూడో రోజూ 10. స్కాన్ చేసే అమ్మాయి మొదటి రెండు నెలలు అంకె పైకి చెప్పేది. తర్వాత చెప్పడం మానేసి కాగితం మీద రాసి ఇచ్చేది. బయట బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్లం ఒకరినొకరం పేర్లు అడిగేవాళ్లం కాదు, "నీకెంత?" అని అడిగేవాళ్లం. "పదిహేడు" అన్న పిల్లను చూస్తే స్టేట్ ర్యాంకు వచ్చినట్టుండేది.

ఐదు నెలలు ఇలా గడిచాయి. ట్యూబుల ఎక్స్‌రే కూడా తీయించారు. ఆ నొప్పి గురించి రాయను. మా ఆయన పరీక్ష మాత్రం అన్నిటికన్నా తేలికది, సూది కూడా లేనిది, అన్నిటికన్నా చివర జరిగింది. ఏడు నెలలు "కొట్లో సీజను" అంటూ వాయిదా వేశాడు. అంతా బాగానే ఉందని వచ్చాక మూడు రోజులు ఇంట్లో ఈల వేసుకుంటూ తిరిగాడు. ఆ ఈల మీద నాకింకా కోపం పోలేదు.

2024 ఏప్రిల్‌లో చిలుకూరు బాలాజీ గుడిలో పిల్లలు లేనివాళ్లకి గరుడ ప్రసాదం ఇస్తారని తెలిసి అమ్మ బయల్దేరదీసింది. మెహదీపట్నంలో పెద్దమ్మ ఇంట్లో పడుకుని పొద్దున్నే కారెక్కాం. ఆ రోజు హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఆ ట్రాఫిక్ గుర్తుండే ఉంటుంది. రెండు గంటలు ఒకేచోట నిలబడ్డాం. పక్క కార్లలో, ఆటోల్లో, బైకుల మీద అందరూ జంటలే. కొందరు చెప్పులు చేత్తో పట్టుకుని ఎండలో నడుస్తున్నారు. ప్రసాదం అందకుండానే వెనక్కి తిరిగాం, అమ్మ దారి పొడుగునా కళ్లొత్తుకుంది. నాకు మాత్రం ఎందుకో ఏడుపు రాలేదు. నాలాంటివాళ్లని అంతమందిని ఒక్కచోట చూడటం అదే మొదలు.

అందుకే పాల సంగతి రెండు నెలలు దాచి ఆగస్టులో ఫోన్లో చెబితే, అమ్మ కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత "స్వామి చూపేమోనే" అంది గొంతు తగ్గించి. నాకు ఒళ్లు జలదరించింది. ఆ మాట నమ్మాలని ఎంత అనిపించిందో! కానీ మర్నాడే డాక్టర్ దగ్గరికి వెళ్లాను.

ప్రొలాక్టిన్ 118.

మెదడు కింద పిట్యూటరీ గ్రంథిలో చిన్న గడ్డ ఉన్నా ఇలా పెరుగుతుందన్నారు, ఎమ్మారై రాశారు. గడ్డ అన్న మాట విన్నాక మిగతావేవీ చెవికెక్కలేదు. అలాంటి గడ్డల్లో దాదాపు అన్నీ క్యాన్సర్ కానివేనని, చాలావాటికి ఆపరేషన్ కాదు, వారానికి రెండుసార్లు వేసుకునే మాత్ర సరిపోతుందని డాక్టర్ చెప్పిందట. మా ఆయన విన్నాడు, నేను వినలేదు. ఆ గొట్టంలో పడుకుంటే చెవి పక్కనే బోరు వేస్తున్నట్టుంది చప్పుడు. గ్రంథి మామూలుగానే ఉందని రిపోర్ట్ వచ్చింది. గడ్డ లేదు. మరి ఈ 118 ఎక్కడి నుంచి వచ్చినట్టు?

సెప్టెంబర్‌లో శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్‌లో హార్మోన్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆయన నా ఫైలు ముట్టుకోలేదు.

"కవర్లో ఉన్న మందులన్నీ బల్ల మీద పెట్టండమ్మా."

మెట్‌ఫార్మిన్, ఫోలిక్ యాసిడ్, విటమిన్ డి పెట్టాను.

"ఇవి కాకుండా? నొప్పులకి, నిద్రకి, గ్యాస్‌కి, నాటు మందులు, ఏవైనా సరే."

"ఏం లేవు సార్."

"పొద్దున్నే గ్యాస్ బిళ్ళ వేసుకుంటది కదా," అన్నాడు మా ఆయన.

అది హ్యాండ్‌బ్యాగులో ఉంది. తీసి ఇచ్చాను. డాక్టర్ స్ట్రిప్ వెనక్కి తిప్పి చదివి నా ముందు పెట్టారు. "ఇందులో రెండు మందులున్నాయి. రాబెప్రజోల్ ఆమ్లం తగ్గిస్తుంది. రెండోది లెవోసల్పిరైడ్. ఎన్నాళ్ల నుంచి వాడుతున్నారు?"

"ఏడాదిన్నర... రెండేళ్లు కావొస్తోంది సార్."

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. ప్రొలాక్టిన్ అంటే పాలు పడేలా చేసే హార్మోన్. మెదడులోని డోపమైన్ అనే రసాయనం దాన్ని ఎప్పుడూ అణచి ఉంచుతుంది. లెవోసల్పిరైడ్ ఆ డోపమైన్‌కి అడ్డుపడుతుంది. కడుపు చురుగ్గా కదలడం కూడా అందువల్లే. అణచే చెయ్యి పోయేసరికి ప్రొలాక్టిన్ పొంగుతుంది. అది పొంగితే అండాశయాలకు మెదడు నుంచి వెళ్లాల్సిన సంకేతం తగ్గుతుంది, అండం పెరగదు. బిడ్డకి పాలిచ్చే తల్లికి కొన్నాళ్లు నెలసరి రాకపోవడం కూడా ఈ దారినే. అంటే ఇన్నాళ్లూ నా ఒళ్లు నన్ను బాలింతననుకుంది. చంటిబిడ్డ ఒళ్లో ఉండగా ఇంకో బిడ్డ ఎందుకని నెల నెలా అండాన్ని ఆపింది. దాన్ని తిట్టుకోవడానికి కూడా లేదు.

వాంతులకి వాడే డోంపెరిడోన్ కూడా ఇదే పని చేస్తుందట. మానసిక జబ్బులకి వాడే కొన్ని మందులతోనూ ప్రొలాక్టిన్ పెరుగుతుందని చెప్పి, "వాటిని మాత్రం రాసిన డాక్టర్‌ని అడక్కుండా ఎవరూ ఆపకూడదు, ఎవరికైనా చెబితే ఆ ముక్క కూడా కలిపి చెప్పండి" అన్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

లేవబోతుంటే ఆయనే ఆపి అడిగారు. "ఇది మీకెవరిచ్చారు?"

"మా అత్తయ్య సార్. ఆవిడా వాడతారు."

"ఆవిడ వయసెంత? చేతులు వణుకుతాయా?"

నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అత్తయ్య ఏడాదిగా టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటోంది. వయసు మీద పడిందనుకున్నాం. పెద్దవాళ్లలో ఈ మందు ఎక్కువకాలం వాడితే వణుకు, నడక నెమ్మదించడం రావచ్చట.

రైల్లో మా ఆయన సూర్యుడు దిగేదాకా మాట్లాడలేదు. కాజీపేట దాటాక అన్నాడు: "రెండు మందులు కలిపి కొట్టేముందు డబ్బా మీద చదవమని రోజూ పదిమంది మిర్చి రైతులకు చెబుతా. ఇంట్లో స్ట్రిప్ తిప్పి చూడలేదు."

అత్తయ్యకి చెప్పకుండా ఉందామనుకున్నాం. కానీ ఆవిడ డబ్బాలో స్ట్రిప్ ఉంది కదా, చెప్పక తప్పలేదు. ఆవిడ చాలాసేపు తలుపు గడప మీద కూర్చుంది. "నా చేత్తోనే ఇచ్చానా తల్లీ" అంది. ఆవిడకి ఎప్పుడో డాక్టర్ రెండు వారాలకి రాసింది, నాలుగేళ్లుగా వాడుతోంది. మోకాళ్ల నొప్పులకు చూసే డాక్టర్‌కి చూపించి మాన్పించాం. వణుకు మూడు నాలుగు నెలల్లో చాలా తగ్గింది. పూర్తిగా పోలేదు.

ఆ బిళ్ళ మానేసిన వారానికి నాకు మళ్లీ రక్తపరీక్ష చేస్తే ప్రొలాక్టిన్ 31. మూడు వారాలకి 12. వేరే మందేం అక్కర్లేదన్నారు. గ్యాస్ మాత్రం పగబట్టినట్టు తిరిగొచ్చింది. మెట్‌ఫార్మిన్‌ని మెల్లగా కరిగే రకానికి మార్చి రాత్రి అన్నంతో వేసుకోమన్నారు. పొద్దున టీ తాగి మధ్యాహ్నం దాకా ఖాళీ కడుపుతో పాఠాలు చెప్పే అలవాటు నేనే మానుకున్నాను.

బిళ్ళ మానేసిన 34వ రోజు స్కూల్లో ఉండగా డేట్ వచ్చింది, ఏ మాత్రా వేసుకోకుండా. మా ఆయనకి ఫోన్ చేసి "డేట్ వచ్చిందండీ" అన్నాను.

"అయ్యో," అన్నాడు అలవాటు కొద్దీ. మూడేళ్లుగా ఆ మాటకి మా ఇంట్లో అదే జవాబు.

"అయ్యో కాదండీ బాబూ, వచ్చింది!"

పీసీఓడీ ఎక్కడికీ పోలేదు. దాని దారిన అది ఉంది. నెలసరి 38, 40 రోజులకోసారి వచ్చేది. 2025 ఫిబ్రవరిలో మళ్లీ అదే లెట్రోజోల్, అదే బెంచీ. ఈసారి మందు పనిచేసింది. మూడో నెల పదమూడో రోజు స్కాన్ అమ్మాయి అంకె పైకి చెప్పింది: 19. మే నెలలో రెండు గీతలు వచ్చాయి. ఇప్పుడు నాకు ఏడో నెల.

రెండో నెలలో వాంతులు పట్టుకుంటే డాక్టర్ ఒక మాత్ర రాసింది. ఇంటికి తెచ్చేసరికి అత్తయ్య వాకిట్లోనే అందుకుంది. వెలుతురుకి ఎత్తి పట్టి, అక్షరాలు కనపడక కొడుకుని పిలిచింది. ఆయన ఫోన్ లైటు వేసి కూడబలుక్కుని చదివాడు. డాక్సిలమైన్. పిరిడాక్సిన్.

"అంటే ఏందిరా?"

"రెండోది విటమినేనమ్మా. బీ సిక్స్."

"మొదటిది?"

ఆయన నా వైపు చూశాడు. డోంపెరిడోన్ కాదు కదా అని నేను అప్పటికే డాక్టర్‌ని అడిగి వచ్చాను. ఆ మాటే చెప్పాను.

"అయినా ఇంకోసారి ఫోన్ చేసి అడుగు," అంది అత్తయ్య.

"ఆవిడే కదత్తయ్యా రాసింది."

"అయితేనేం, అడుగు." స్ట్రిప్ మాత్రం చేతిలో పెట్టలేదు.