మూసీకి ఎదురెళ్లి తిరిగొచ్చే 140 కిలోమీటర్లు

హైదరాబాద్ నుంచి రోడ్డు సైకిల్ మీద ఒక్క రోజులో చెరువూ కొండా చూసి రావాలంటే నార్సింగి, చేవెళ్ల, వికారాబాద్, అనంతగిరి, శంకర్‌పల్లి మీదుగా మళ్లీ నార్సింగి చేరే చుట్టుకే నా ఓటు. మొత్తం సుమారు 140 కి.మీ. మూసీ పుట్టేది అనంతగిరి కొండల్లోనే. ఆ నీళ్లు తూర్పుకు పారి గండిపేటలో, అంటే 1908 వరద తర్వాత కట్టి 1920లో పూర్తిచేసిన ఉస్మాన్‌సాగర్‌లో చేరతాయి. పొద్దున ఏటికి ఎదురు వెళ్తాం, మధ్యాహ్నం ఏటి వాలున వస్తాం.

అలాగని వెళ్లేటప్పుడే కష్టం, వచ్చేటప్పుడు సుఖం అనుకుంటే లెక్క తప్పుతుంది. గండిపేట నిండు మట్టం 1790 అడుగులు, అంటే దాదాపు 545 మీటర్లు. వికారాబాద్ ఎత్తు సుమారు 640 మీటర్లు. 70 కి.మీ. పొడవునా పరుచుకున్న ఆ 100 మీటర్ల తేడా కాళ్లకు పెద్దగా తెలియదు, మధ్యలో వచ్చే చిన్న చిన్న ఎత్తుపల్లాలే తెలుస్తాయి. అసలు తేల్చేది గాలి. చలికాలంలో ఇక్కడ గాలి తూర్పు, ఈశాన్యాల నుంచి వీస్తుంది. పొద్దున అది వీపున తోస్తుంది కాబట్టి వేగం చూసి మురిసిపోయి కాళ్లు ఖర్చుపెట్టేస్తాం. ఎండెక్కాక అదే గాలి బలపడి, తిరుగు దారిలో ఎదురుగాలిగా నిలబడుతుంది. అందుకే వెళ్లేటప్పుడు గంటకు 22 కి.మీ., వచ్చేటప్పుడు 18 చొప్పున వేసుకోండి. వానాకాలంలో గాలి పడమటి నుంచి వీస్తుంది కాబట్టి ఈ లెక్క తిరగబడుతుంది. కానీ చెరువులు నిండి, రోడ్లు ఆరి ఉండేది నవంబరు నుంచి జనవరి దాకానే. ఎదురుగాలి ఉన్నా ఆ నెలలే మేలు.

తెల్లవారుజామున 5:30కి బయల్దేరాలి. డిసెంబరులో సూర్యోదయం 6:30 దాటాకే కాబట్టి ముందు, వెనక లైట్లు తప్పనిసరి. నార్సింగి నుంచి పోలీస్ అకాడమీ జంక్షన్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, సోలార్ పైకప్పు కింద సైకిల్ ట్రాక్ ఉంది. చీకట్లో అదే క్షేమం. అక్కడి నుంచి బీజాపూర్ హైవే మీద మొయినాబాద్, చేవెళ్ల దాటి మన్నెగూడ దాకా 46 కి.మీ. పెద్ద మర్రిచెట్ల నీడన సాగే దారి ఇది, కానీ లారీలు, కంకర టిప్పర్లు తిరుగుతాయి. రోడ్డు వెడల్పు పనులు జరిగేచోట అంచున కంకర జారి ఉంటుంది. అక్కడ బ్రేకు నొక్కొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు, నేరుగా పోనివ్వండి. ఇంకో సంగతి. పొద్దున మనం పడమటికి పోతుంటే సూర్యుడు మన వెనక ఉంటాడు, ఎదురొచ్చే డ్రైవరుకు మాత్రం కళ్లలో కొడతాడు. ఓవర్‌టేక్ చేస్తూ మన వైపు వచ్చేసే బండికి మనం కనబడకపోవచ్చు. ముందు లైటు పగలు కూడా ఆర్పకూడదు అనేది ఇందుకే.

మన్నెగూడలో హైవే వదిలి కుడికి మళ్లితే వికారాబాద్. ఊరు దాటాక అనంతగిరి దాకా ఐదారు కి.మీ. ఘాట్, అడవి. గేర్లలో ముందు చిన్న చక్రానికి 34 పళ్లు, వెనక పెద్ద చక్రానికి 32 పళ్లు ఉంటే కూర్చునే ఎక్కేయొచ్చు. వెనక 25తో సరిపెట్టుకుంటే ఇక్కడ కాదు, తర్వాత ఎదురుగాలిలో మోకాళ్లు పట్టేస్తాయి. అనంత పద్మనాభస్వామి గుడి దగ్గర కోతులు ఎక్కువ. అరటిపండు జెర్సీ జేబులోంచి బయటకు కనబడితే ఇక అది మీది కాదు. తిండి వికారాబాద్‌లోనే ముగించుకోండి. దిగేటప్పుడు మలుపుకు ముందే వేగం తగ్గించాలి, మలుపులో కాదు. ఎండుటాకుల కింద తడి ఉంటే టైరు జారుతుంది.

తిరుగు దారి నవాబ్‌పేట, శంకర్‌పల్లి మీదుగా. హైవే కన్నా ట్రాఫిక్ తక్కువ, పొలాల మధ్య దారి. అయితే ఆదివారం సాయంత్రం శంకర్‌పల్లి రోడ్డులో కార్లు బారులు తీరతాయి, 4 గంటల్లోపే ఆ రోడ్డు దాటేయాలి.

టైరు 28 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 32 అయితే ఇంకా హాయి. 70 కిలోల మనిషికి 28లో గాలి 75 పీఎస్ఐ (టైరు గాలి ఒత్తిడి కొలత), 32లో 60 దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. 100 కొట్టిస్తే గతుకుల్లో చేతులు తిమ్మిరెక్కడం తప్ప లాభం లేదు. ఈ దారిలో పంక్చర్లకు పెద్ద కారణం తుమ్మముల్లు. ట్యూబు మార్చాక పది నిమిషాల్లో మళ్లీ గాలి పోయిందంటే ముల్లు మొన టైరులోనే మిగిలిందని అర్థం. కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపలంతా వేలితో మెల్లగా తడమండి, మొనను బయటి నుంచి లాగేయండి. రెండు ట్యూబులు, ప్యాచీలు, టైరు ఊడదీసే రెండు లీవర్లు, పంపు లేకుండా కదలొద్దు.

గంటకు అరలీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు, ఒక అరటిపండు, రెండు పల్లీపట్టీలు. ఆకలయ్యాక తింటే ఆలస్యమైనట్టే, మొదటి గంట నుంచే తినాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరుకు ఒకటి. సీసాలో నీళ్లు తక్కువున్నాయని చిక్కగా కలిపితే దాహం పెరుగుతుంది, కడుపూ చెడుతుంది.

కోట్‌పల్లి చెరువు కూడా చూడాలనిపిస్తుంది. అనంతగిరి నుంచి సుమారు 20 కి.మీ., రానూపోనూ 40. ఉదయం 10 లోపు అనంతగిరిలో ఉంటేనే వెళ్లండి, లేకపోతే చివరి 30 కి.మీ. చీకట్లో తొక్కాలి. ఒంట్లో బాగోకపోతే వికారాబాద్ జంక్షన్, శంకర్‌పల్లి రెండూ లింగంపల్లి వైపు వచ్చే రైలు దారి మీదే ఉన్నాయి. సైకిల్‌ను లగేజీగా బుక్ చేయాలి. ఏ రైలుకు తీసుకుంటారో ముందురోజే కనుక్కుని పెట్టుకోండి.

శంకర్‌పల్లి దాటాక నేరుగా నార్సింగికి పోకుండా గండిపేట కట్ట వైపు మళ్లండి. పొద్దున బయల్దేరినప్పుడు చీకటి కాబట్టి నీళ్లు కనబడవు. సాయంత్రం 4:30 ప్రాంతంలో ఎండ వాలి, చెరువంతా తేటగా కనబడుతుంది. నార్సింగికి ఇంకా కాస్త దూరముంది, వెనక లైటు అక్కడే వెలిగించుకోండి.