త్సైట్లర్ ఇంటిపేరు: టైము కాదు, తేనె

జర్మన్ ఇంటిపేర్ల నోట్‌బుక్‌లో ఈ నెలంతా ఒక్క పేరే నడిచింది. న్యూరెంబర్గ్‌లో ఒక పాత కొట్టు బోర్డు మీద త్సైట్లర్ అని చూశా, త్సైట్ అంటే టైము కాబట్టి గడియారాలు చేసేవాళ్ల పేరే అయ్యుంటుందని రాసేసుకున్నా, రెండు వారాలు ఆ దారిలోనే వెతికా, ఏమీ దొరకలేదు.

తర్వాత లెక్సర్ డిక్షనరీ తీశా. అది మధ్యయుగపు జర్మన్‌కి, ట్రియర్ యూనివర్సిటీ వాళ్ల సైట్‌లో ఫ్రీగా ఉంటుంది. అందులో త్సీడెలేరె అని ఉంది, అడవిలో తేనె తీసేవాడు అని అర్థం. అదే తర్వాత త్సైడ్లర్ అయింది. న్యూరెంబర్గ్ వైపు యాసలో ట, డ ఒకేలా పలుకుతారు, రాసేవాళ్లు చెవికి తోచినట్టు రాశారు, అలా త్సైడ్లర్, త్సైట్లర్ రెండూ ఒకే పేరు అయ్యాయి.

ఈ పని ఇప్పటిలా పెట్టెలు పెట్టి ఈగల్ని పెంచడం కాదండీ. బతికున్న చెట్టుకే బాగా ఎత్తున తొర్ర తొలిచి, దాని ముందు పలక బిగించి, ఈగలకి సన్నటి కంత వదిలి, తాడు పట్టుకుని ఎక్కి తేనె, మైనం తీసేవాళ్లు. గాలికి విరగకుండా చెట్టు తల నరికేసేవాళ్లు కూడా. ఆ తొర్రని బోయ్‌టె అంటారు. చక్కెర చవకగా లేని కాలం, చర్చి కొవ్వొత్తులకి మైనం కావాలి, న్యూరెంబర్గ్ లేబ్‌కూహెన్‌ అనే మసాలా బిస్కెట్లకి తేనె కావాలి, అంచేత వీళ్లకి మంచి విలువే ఉండేది. 1350లో రాజు నాలుగో కార్ల్ వీళ్లకి హక్కులిచ్చాడు, బదులుగా వీళ్లు క్రాస్‌బో విల్లులు పట్టుకుని రాజుకి సేవ చెయ్యాలి. తగవులు తీర్చుకోడానికి న్యూరెంబర్గ్ దగ్గర్లోని ఫోయ్‌హ్ట్ ఊళ్లో సొంత కోర్టు!

అందుకే ఆదివారం ఎస్-బాన్ లోకల్ రైలు ఎక్కి ఫోయ్‌హ్ట్ వెళ్లొచ్చా. అక్కడ ఈ తేనె పని గురించిన త్సైడెల్ మ్యూజియం ఉంది, వారమంతా తెరవరు, టైమింగ్స్ చూసుకునే బయల్దేరండి. దుంగని తొలిచి చేసిన తేనెగూడు ముందు చాలాసేపు నిలబడిపోయా. లోపలి చెక్క మీద ఉలి దెబ్బలు కనిపిస్తున్నాయి, ఒక్కో దెబ్బా చూస్తుంటే నోట్‌బుక్‌లో ఉన్న పేరుకి చేతులు వచ్చినట్టు అనిపించింది. ఇప్పుడు తేనెటీగలు పెంచేవాణ్ని ఇమ్కర్ అంటున్నారు, అది ఉత్తరాది మాట, త్సైడ్లర్‌ని మాత్రం ఎక్కువగా ఇంటిపేరుగానే వింటున్నాం.

మీరు మొదలుపెడితే ఒకటే చెప్తా, పేరుని ఇప్పటి జర్మన్ మాటతో పోల్చి అర్థం రాసెయ్యకండి. ముందు పాత స్పెల్లింగులన్నీ ఒక పేజీలో రాయండి, తర్వాత పాత డిక్షనరీ, ఆ తర్వాత ఆ పేరు ఏ ఏరియాలో ఎక్కువుందో మ్యాప్, చివర్లో ఆ పని నిజంగా అక్కడ జరిగిందా అని. నేను రెండో మెట్టు ముందే చూసుంటే రెండు వారాలు మిగిలేవి.

వచ్చే నెల బోయ్‌ట్నర్ అనే ఇంటిపేరు. తొర్ర మాట బోయ్‌టె నుంచీ రావచ్చు, బోయ్‌టెన్ అనే ఊరి నుంచీ రావచ్చు, కుటుంబాన్ని బట్టి మారుతుంది. మ్యాప్ ప్రింట్ తీసి పెట్టుకున్నా.